ఎడిటర్ సెట్టింగ్స్‌కి సింక్ సరిపోతుందా, గిట్ కూడా కావాలా?

మారతహళ్లి_పీజీ:
ఆఫీసులో విండోస్ ల్యాప్‌టాప్, రూములో ఉబుంటు. రెండిట్లోనూ వీఎస్ కోడ్ (మైక్రోసాఫ్ట్ కోడ్ ఎడిటర్) ఒకేలా కనిపించాలి. అందులోని సెట్టింగ్స్ సింక్ (అకౌంట్ ద్వారా సెట్టింగ్స్‌ని మెషీన్ల మధ్య ఒకేలా ఉంచేది) ఆన్ చేస్తే చాలదా? గిట్‌లో (ఫైళ్ల మార్పుల చరిత్ర దాచే టూల్) పెట్టుకోమని ఎందుకంటున్నారు?

బెళ్లందూరు_దేవ్:
చాలండీ. గిట్‌హబ్ అకౌంట్‌తో లాగిన్ అయితే సెట్టింగ్స్, స్నిపెట్లు (దాచుకున్న కోడ్ ముక్కలు), ఎక్స్‌టెన్షన్లు (ఎడిటర్‌కి జోడించే ప్లగిన్లు), ప్రొఫైల్స్ అన్నీ వచ్చేస్తాయి. కీబోర్డ్ షార్ట్‌కట్లు మాత్రం ఏ ఓఎస్‌వి ఆ ఓఎస్‌కే విడిగా ఉంటాయి. అది బగ్ కాదు, 'కీబైండింగ్స్ పర్ ప్లాట్‌ఫామ్' టిక్ తీసేస్తే కలుస్తాయి.

కోరమంగళ_టెర్మినల్:
సింక్ వేరు, బ్యాకప్ వేరు. ఒకచోట పొరపాటున తుడిచేసింది రెండోచోటా తుడిచిపెట్టుకుపోతుంది. సర్వర్‌లో ఒక్కోదానికి చివరి 20 వెర్షన్లే ఉంటాయి, లోకల్ కాపీలు 30 రోజులకు పోతాయి. ఫాంటూ థీమూ మారుస్తూ కూర్చుంటే ఆ 20 ఒక్క సాయంత్రానికే చెల్లు. పైగా రేపు వీఎస్‌కోడియంకి (వీఎస్ కోడ్ ఓపెన్ సోర్స్ రూపం) మారితే మైక్రోసాఫ్ట్ సింక్ అందులో పనిచేయదు.

ఉబుంటులో ఫైళ్లు హోమ్‌లోని డాట్-కాన్ఫిగ్ లోపల కోడ్/యూజర్ ఫోల్డర్‌లో, విండోస్‌లో యాప్‌డేటా/రోమింగ్/కోడ్/యూజర్‌లో ఉంటాయి. వాటిని రిపోలోకి (గిట్ చూసుకునే ఫోల్డర్) మార్చి, పాత చోట సింబాలిక్ లింక్ (అసలు ఫైల్‌కి దారి చూపే షార్ట్‌కట్ లాంటిది) ఇవ్వండి. విండోస్‌లో లింక్‌కి డెవలపర్ మోడ్ గానీ అడ్మిన్ హక్కు గానీ కావాలి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో రెండూ ఇవ్వకపోతే కాపీ చేసే చిన్న స్క్రిప్టే దారి. ఎక్స్‌టెన్షన్ల పేర్లు 'కోడ్ --లిస్ట్-ఎక్స్‌టెన్షన్స్' ఇస్తుంది, దాన్ని ఫైల్‌లోకి మళ్లించి అదీ కామిట్ చేయండి (గిట్‌లో నమోదు చేయండి).

బెళ్లందూరు_దేవ్:
గిట్‌లో అసలు ప్రమాదం టోకెన్లు, అంటే పాస్‌వర్డ్ లాంటి రహస్య కీలండీ. కొన్ని ఎక్స్‌టెన్షన్లు ఏపీఐ కీని నేరుగా సెట్టింగ్స్ ఫైల్లోనే రాయమంటాయి. తర్వాతి కామిట్‌లో తీసేసినా హిస్టరీలో అలాగే ఉంటుంది. పుష్ అయిపోయిన (సర్వర్‌కి వెళ్లిపోయిన) కీని రద్దు చేసి కొత్తది తీసుకోవాల్సిందే.

కోరమంగళ_టెర్మినల్:
ఒప్పుకుంటాను, అది ప్రైవేట్ రిపో అయినా సరే. కానీ అదే ఫైలు సింక్‌లోనూ వెళ్తుంది కదా? ఆఫీసు సర్వర్ల పేర్లు సొంత అకౌంట్‌లోకి చేరడం చిన్న విషయం కాదు. ముందు ఐటీ వాళ్లని అడగండి. అలాంటి లైన్లను 'ఇగ్నోర్డ్ సెట్టింగ్స్'లో చేర్చండి.

రెండూ వాడాలనుకుంటే సింక్ కాన్ఫిగర్‌లో సెట్టింగ్స్ టిక్ తీసేసి, ఎక్స్‌టెన్షన్లకే ఉంచండి. లేకపోతే సింక్ రాసే ప్రతి మార్పూ గిట్ డిఫ్‌లో (మార్పులు చూపేచోట) తేలుతుంది, ఏది మీరు మార్చారో తెలియదు.

మారతహళ్లి_పీజీ:
విండోస్‌లో డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపలే లినక్స్ నడిపేది) కూడా వాడతానండీ. దాని ఎక్స్‌టెన్షన్లు సింక్ అవుతాయా?

బెళ్లందూరు_దేవ్:
లోపల ఇన్‌స్టాల్ అయినవి సింక్ కావండీ. అక్కడ మాత్రం గిట్‌లోని జాబితాయే పనికొస్తుంది. డబ్ల్యూఎస్ఎల్ టెర్మినల్‌లోనే 'కోడ్ --ఇన్‌స్టాల్-ఎక్స్‌టెన్షన్' ఒక్కో పేరుకీ నడపండి.