బోరు ఫెయిలయితే విశ్వాసం చాలనట్టేనా?

చీనీ రైతు, నార్పల:
మా చీనీ (బత్తాయి) తోటకు నీళ్లు చాలక బోరు వేయించాం. మా విచారణ (పారిష్) ఫాదర్ వచ్చి ప్రార్థన చేసి, మంత్రించిన నీళ్లు చల్లారు. 800 అడుగులు పోయినా దుమ్మే. మా బావమరిది ఈ మధ్య స్వస్థత కూటాలకు పోతున్నాడు. "నీకు విశ్వాసం చాలలేదు, దశమభాగం కూడా ఎగ్గొట్టావు" అంటాడు, అంటే సంపాదనలో పదో వంతు చర్చికి ఇవ్వలేదని. గట్టు పక్క చేను ఆయన గుడికీ పోడు, చర్చికీ రాడు. ఆయనకు 300 అడుగులకే రెండించుల నీళ్లు పడ్డాయి. మా ఇంట్లో ఆమె ఆ టెన్షన్‌తో అన్నం కూడా సరిగా తినడం లేదు. ఇక్కడ ఫాదర్లు ఎవరైనా ఉంటే చెప్పండి, లోపం నా ప్రార్థనలోనే ఉందా?

సీమ ఫాదర్:
నాయనా, నేను కల్యాణదుర్గం వైపు విచారణలో ఉంటాను. బోరు ప్రార్థనలకు నన్నూ పిలుస్తారు. తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చిన బోరు బండి, అద్దం మీద మురుగన్ బొమ్మ, డ్రైవర్ నన్ను చూసి ఇంజను ఆపుతాడు. నేను ఆమెన్ అనీ అనకముందే మళ్లీ స్టార్ట్ చేస్తాడు. వాళ్లకు అడుగుల లెక్క, డీజిల్ లెక్క, తప్పు పట్టలేం. ఆ తర్వాత ఇంటాయన బండినీ చూడడు, నన్నూ చూడడు. పైపులోంచి ఎగిరే పిండి రంగు మారిందా, తడి తగిలిందా, అంతే. అప్పుడు నీళ్లు పడాలనే నేనూ అడుగుతాను. ఇంకేం అడుగుతాను చెప్పు?

కానీ పడకపోతే దాన్ని ఆ మనిషి విశ్వాసానికి మార్కులుగా వేయడం నాకు ఒళ్లు మండే విషయం. మన జిల్లాలో కింద ఉన్నది గట్టి రాయి. నీళ్లు ఆ రాతి పగుళ్లలోనే ఉంటాయి. పగులు తగిలితే 300కే పడతాయి, తగలకపోతే వెయ్యికి పోయినా పొడే. అందులో నీ దశమభాగం ప్రమేయం ఏమీ లేదు. మంచివాళ్ల మీదా చెడ్డవాళ్ల మీదా ఒకే వాన అని ప్రభువే అన్నారు, మత్తయి 5లో చూడు. పక్క చేను ఆయన చెడ్డవాడని నేననడం లేదు. రేపు చెట్లు ఎండుతుంటే ఒక తడికి నువ్వు ఆయన్నే అడగాల్సి రావచ్చు.

బైబిల్లో బావుల గొడవ చదవాలంటే ఆదికాండం 26. ఇస్సాకు తండ్రి తవ్వించిన బావులను ఫిలిష్తీయులు మట్టితో పూడ్చేశారు. ఈయన మళ్లీ తవ్వించాడు. నీళ్లు పడితే గెరారు కాపరులు మావేనని కొట్లాటకొచ్చారు. ఇంకోచోట తవ్విస్తే అక్కడా అదే. మూడో బావి దగ్గరే ఊపిరి పీల్చుకున్నాడు. ఆ మధ్యలో ఆయనకు విశ్వాసం తగ్గిందని ఎక్కడా రాసి లేదు.

నేను చూసుకునేది ఒక్కటే. బండి ఉన్న రోజు చేలో తిరునాళ్లలా ఉంటుంది. బోరు ఫెయిలైన మర్నాడు ఆ ఇంటి గడప ఎవరూ తొక్కరు, అప్పిచ్చినవాడు తప్ప. నేను ఆ మర్నాడు పోతాను. ప్రసంగం చెప్పను. కాఫీ ఇస్తే తాగుతాను. ఎవరి దగ్గర ఎంత తెచ్చారు, వడ్డీ ఎంత, పుస్తెలు కుదువ పెట్టారా అని అడుగుతాను. పురుగుమందు డబ్బా ఇంట్లో ఉంటే చేలో షెడ్డుకు మార్పించి తాళం వేయిస్తాను. మన జిల్లాలో ఇది ఎందుకో నేను విడమరిచి చెప్పక్కర్లేదు. ఆదివారం పూజలో నేను చెప్పే విశ్వాస సంగ్రహానికి, అదే 'దేవుణ్ణి విశ్వసిస్తున్నాను' అనే జపానికి, వారం మధ్యలో అర్థం వచ్చేది అక్కడే.

జమ్మలమడుగు టీచర్:
ఫాదర్ గారూ, మాది సీఎస్ఐ, ప్రొటెస్టెంట్ సంఘం. మా దగ్గర ఇంకో ఇబ్బంది. నీళ్లు పడినవాళ్లే మైకు పట్టుకుని సాక్ష్యం చెబుతారు. పడనివాళ్లు వెనక వరుసలో తల దించుకుని కూర్చుంటారు. వాళ్లనూ పిలిచి మాట్లాడించమని మా అయ్యగారిని (పాస్టర్‌ని) అడిగాను, ఇంకా ఆలోచిస్తున్నారు.

రాళ్లు చదివినోడు:
నాకు దేవుడి మీద నమ్మకం లేదు, అయినా ఫాదర్ చెప్పింది కరెక్టు. కొబ్బరికాయ నిలబెట్టి చూపిన పాయింట్ మీద లక్షలు పోయకండి. నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం 2002 నుంచే ఉంది. పర్మిషన్ తీసుకుని, భూగర్భ జల శాఖ వాళ్లతో సర్వే చేయించి, అప్పుడు బండిని పిలవండి.

పాత అనంతపురం:
ఆర్డీటీ సంస్థ పెట్టిన స్పెయిన్ ఫాదర్ ఫెర్రర్ 1969లో ఇక్కడికి రాకముందే మహారాష్ట్రలో మన్మాడ్ వైపు రైతులతో బావులు తవ్వించారు. 2009లో చనిపోతే బత్తలపల్లిలోనే సమాధి చేశారు. కరువు ఊళ్లకు పోయి పాపాల చిట్టా అడిగిన మనిషి కాదు.

చీనీ రైతు, నార్పల:
అందరికీ దండాలు. ఫాదర్, మీ మాటలు ఇంట్లో ఆమెకు చదివి వినిపించాను. బావమరిది మాత్రం ఉపవాసం ఉండి ఇంకో పాయింట్ పెట్టమంటున్నాడు. పెట్టాలా?

సీమ ఫాదర్:
ఉపవాసం ఉంటే ఉండు, అప్పు మాత్రం ఇప్పుడే చేయొద్దు. ఈ వేసవికి ట్యాంకర్ ఖర్చెంత, ఎన్ని చెట్లు కాపాడగలవు అని ముందు లెక్క వేసుకో. వేర్ల దగ్గర వేరుశనగ పొట్టు మందంగా పరిస్తే తడి కాస్త ఎక్కువ రోజులు నిలుస్తుంది. బావమరిదితో పోట్లాడకు, ట్యాంకర్ డబ్బుల్లో సగం పెట్టుకోమను.