వాట్సాప్‌లో తాళం బొమ్మ ఉన్నా మా మాట ఓనరుకి ఎలా తెలిసింది?

సూదీదారం:
నాకు నర్సీపట్నంలో చిన్న టైలరింగ్ షాపు ఉంది. జాకెట్లు, ఫాల్, పీకో. నా పనిలో సగం వాట్సాప్‌లోనే నడుస్తుంది. మెడ డిజైన్లు పంపుతారు, ఆది జాకెట్టు ఇవ్వలేనివాళ్లు కొలతలు టైపు చేస్తారు, కొందరు వేసుకుని ఫోటో తీసి "ఇక్కడ లూజుగా ఉందక్కా" అని పెడతారు.

ఇప్పుడు సంగతి. ఈ షాపు ఖాళీ చేసి బస్టాండు వైపు ఒక గది తీసుకుందామని అనకాపల్లిలో ఉన్న మా అన్నయ్యతో రాత్రిళ్లు చాటింగులో మాట్లాడుకున్నాం. అడ్వాన్సు 80 వేలు, అద్దె 6,500. నోటితో ఎవరికీ అనలేదు. మా ఆయనకి కూడా ఇంకా పూర్తిగా చెప్పలేదు. రెండు వారాల కిందట మా ఓనరు వచ్చి, "80 వేలు పోసి అటు పోతున్నావంట కదమ్మా" అన్నాడు. అంకెతో సహా! నాకు కాళ్లు చల్లబడ్డాయి.

అన్నయ్య చెప్పడు. అన్నయ్య ఫోను వదిన చూస్తుంది కాబట్టి ఆవిడే ఎక్కడో అని ఉంటుందనుకున్నా. అప్పట్నుంచీ ఆవిడ ఫోను ఎత్తడం మానేశాను. మా అబ్బాయేమో "వాట్సాప్ అంతా గవర్నమెంటు వింటోందమ్మా, వేరే యాప్‌కి మారిపో" అంటాడు. నా షాపు అడ్వాన్సుతో గవర్నమెంటుకేం పని?

చాట్ పైన పసుపు డబ్బాలో తాళం వేసి, మీరిద్దరు తప్ప ఎవరూ చదవలేరు, మేము కూడా చదవలేం అని రాస్తారు కదా. అది అబద్ధమా? ఓనరు సంగతి పోనీండి, ఆ ఫోటోలు తలుచుకుంటే నిద్ర పట్టట్లేదు.

రామ్‌నగర్ కుర్రాడు:
అక్కా, టెలిగ్రామ్‌కి వచ్చెయ్. ఫుల్ సీక్రెట్. వాళ్లు ఎవరికీ ఏదీ ఇవ్వరు.

పాతమోడెం:
తమ్ముడూ, ఆగు. టెలిగ్రామ్‌లో మామూలు చాట్లకి, గ్రూపులకి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ (పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప మధ్యలో కంపెనీ కూడా చదవలేని తాళం) లేనేలేదు. ఇద్దరి మధ్య "సీక్రెట్ చాట్" అని విడిగా తెరిస్తేనే ఉంటుంది. మిగతాదంతా వాళ్ల సర్వర్లలో, వాళ్ల తాళంచెవులతోనే ఉంటుంది. ఎవరికీ ఏదీ ఇవ్వరన్న మాట కూడా పాతబడింది. 2024 ఆగస్టులో టెలిగ్రామ్ పెట్టిన పావెల్ దురోవ్‌ని ఫ్రాన్స్‌లో అరెస్టు చేశారు. తర్వాతి నెలలోనే, చట్టప్రకారం అడిగితే ఫోన్ నంబరు, ఐపీ అడ్రసు (ఏ నెట్ కనెక్షన్ నుంచి వాడారో చెప్పే నంబరు) ఇస్తామని పాలసీ మార్చుకున్నారు.

మేడమ్, పసుపు డబ్బాలో రాసింది నిజమే. 2016 ఏప్రిల్ నుంచి వాట్సాప్‌లో చాట్లన్నిటికీ ఆ తాళం ఉంది. సిగ్నల్ అని ఇంకో చాట్ యాప్ ఉంది, తాళానికి వాళ్ల పద్ధతే వీళ్లూ వాడుతున్నారు. ఎవరు ఎవరికి ఎప్పుడు పంపారో కంపెనీకి తెలుస్తుంది, ఏం రాశారో తెలీదు. మీ అబ్బాయి మాటకొస్తే, ఒక మెసేజ్ మొదట ఎవరు పంపారో చెప్పాలని కేంద్ర ప్రభుత్వం తెచ్చిన 2021 ఐటీ రూల్స్ అడుగుతున్నాయి. దాని మీద వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకెళ్లింది. ఎన్‌క్రిప్షన్ తీసెయ్యమంటే దేశంలోంచి వెళ్లిపోతామని వాళ్ల లాయరు 2024 ఏప్రిల్‌లో కోర్టులోనే అన్నారు.

కానీ ఆ తాళం దారి పొడుగునా మాత్రమే. ఇటు మీ దగ్గర, అటు మీ అన్నయ్య దగ్గర ఉత్తరం విప్పే ఉంటుంది. మీ తరఫున చదివే ఫోను ఒక్కటేనా, ఇంకోటి కూడా ఉందా? అది చూడండి ముందు. వాట్సాప్‌లో మూడు చుక్కలు నొక్కి "లింక్డ్ డివైసెస్" తెరవండి. అక్కడ ఏం కనిపిస్తే అది ఇక్కడ రాయండి. దేన్నీ తీసెయ్యకముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి.

సూదీదారం:
"ఎడ్జ్, విండోస్" అని ఒకటుంది. చివరగా వాడింది ఈ రోజు ఉదయం 10:42 అని. మా ఇంట్లో కంప్యూటరే లేదు.

పాతమోడెం:
ఈ మధ్య ఎక్కడైనా క్యూఆర్ కోడ్ స్కాన్ చేశారా? జిరాక్స్ షాపులో?

సూదీదారం:
అయ్యో. గుర్తొచ్చింది. షాపుకి ఉద్యమ్ సర్టిఫికెట్ కోసం నెట్ సెంటర్‌కి వెళ్లాను. ఆధార్, పాన్ ఫోన్లో ఉన్నాయంటే అతనే నా ఫోను తీసుకుని కౌంటర్ సిస్టమ్‌కి చూపించాడు, అందులో నా వాట్సాప్ టిక్కున తెరుచుకుంది. ప్రింట్లు తీసుకుని 60 రూపాయలిచ్చి వచ్చేశా. అది మూసెయ్యాలని నాకు తెలీదు. ఆ నెట్ సెంటర్ మా ఓనరు కాంప్లెక్సులోనే, మెట్ల పక్కన.

ఇప్పుడే లాగౌట్ కొట్టాను. చేతులు వణుకుతున్నాయి.

పాతమోడెం:
అతనే చదివాడని మనం రుజువు చెయ్యలేం, కౌంటర్ దగ్గర పదిమంది కూర్చుంటారు. స్క్రీన్‌షాట్ మాత్రం దాచుకోండి. ఇది మీ తెలివితక్కువతనం అనుకోవద్దు. సిగ్నల్ వాడే ఉక్రెయిన్ సైనికులకే రష్యా తరఫు హ్యాకర్లు దొంగ క్యూఆర్ కోడ్లు పంపి, వాళ్ల ఖాతాలు తమ కంప్యూటర్లకి లింక్ చేయించుకున్నారని 2025 ఫిబ్రవరిలో గూగుల్ భద్రతా బృందం బయటపెట్టింది. మీకు జరిగిందీ అదే, సిస్టమ్‌కి ఫోను చూపించడం. కాబట్టి యాప్ మారితే ఇది పోదు. సిగ్నల్ మంచిదే. 2016లో అమెరికా గ్రాండ్ జ్యూరీ (కేసు నడపాలో వద్దో తేల్చే పౌరుల బృందం) ఒక ఖాతా వివరాలు అడిగితే, ఖాతా తెరిచిన తేదీ, చివరగా కనెక్టయిన తేదీ తప్ప ఇవ్వడానికి వాళ్ల దగ్గర ఏమీ లేకపోయింది. కానీ మీ కస్టమర్లు అక్కడికి రారు కదా.

ఇంకోటి. బ్యాకప్, అంటే మీ చాట్ల కాపీ, గూగుల్ డ్రైవ్‌లోకి వెళ్తుంటే ఆ ఫోటోలు కూడా వెళ్తాయి. చాట్‌కి వేసిన తాళం బ్యాకప్‌కి వర్తించదు, దానికి వేరే పాస్‌వర్డు మీరే పెట్టుకోవాలి. సెట్టింగుల్లో 2021 నుంచి ఉంది, కానీ ఎవరూ పెట్టరు. ఆ పాస్‌వర్డు మరిచిపోతే మాత్రం కంపెనీ కూడా తెరవలేదు, డైరీలో రాసుకోండి.

గోదారిగట్టు పిన్ని:
అమ్మాయ్, ఇవన్నీ నాకు సగమే అర్థమయ్యాయి. కుట్టడం అయిపోయాక ఆ ఫోటోలు ఫోన్లో ఎందుకు ఉంచుకోవడం? ముందు అవి తీసెయ్. కస్టమర్లకి చెప్పాలా వద్దా అంటే, నేనైతే చెప్పమంటాను, ముఖ్యంగా ఆ వేసుకున్న ఫోటోలు పంపినవాళ్లకి. వాళ్లు నీకు పంపారు గానీ నెట్ సెంటర్‌కి పంపలేదు కదా. మరి వదిన సంగతేంటి? ఆ పిల్లకి ఎందుకు అలిగావో కూడా తెలీదు పాపం.

సూదీదారం:
కస్టమర్లలో ఆరుగురికి ఫోన్ చేశాను. నలుగురు పర్లేదన్నారు. ఒకావిడ తిట్టింది, పడ్డాను. ఇంకొకావిడ తన లింక్డ్ డివైసెస్ చూసుకుంటే రెండున్నాయట!

వదినకి ఇంకా చెప్పలేదు. ఆవిడ పట్టు జాకెట్టు నా దగ్గరే ఉంది. కుట్టడం ఎప్పుడో అయిపోయినా కోపంతో హుక్కులు వెయ్యకుండా బీరువా పైన పడేశా. ఇప్పుడే దింపి హుక్కులు వేశాను. ఆదివారం పొద్దున్నే బస్సులో నేనే పట్టుకెళ్తా.