అమ్మ కుట్టిన గలీబులు కోసి గోడ బొంత చేస్తే తప్పా?

పాతపెట్టె:
అమ్మ పెళ్లికి ముందు, 1969 ప్రాంతంలో, తెనాలిలో కుట్టిన దిండు గలీబులు ఆరు నా దగ్గరున్నాయి. రెండింటి మీద ఎదురెదురుగా చిలకలు, ఒకదాని మీద పూలబుట్ట, మిగతా వాటి మూలల్లో లేజీ డైజీ పూలు (ఒక్కో రేకూ ఒక్కో గొలుసు కుట్టు). ఇరవై ఏళ్లుగా ట్రంకు పెట్టెలోనే ఉండి మడతల దగ్గర పసుపు గీతలు పడ్డాయి, రెండు చోట్ల బట్ట చివికిపోయింది. బొమ్మలున్న ముక్కలు కోసి, మధ్యమధ్యలో అమ్మ నేత చీర ముక్కలు వేసి, 24 అంగుళాల పొడవు 18 వెడల్పుతో గోడకు తగిలించే చిన్న బొంత కుడదామని నా ఆలోచన. అక్క మాత్రం "అమ్మ చేతి పని మీద కత్తెర పెడతావా" అని ఫోన్ పెట్టేసింది. మీరైతే ఏం చేస్తారు?

సూదీదారం:
కోసేయండి. పెట్టెలో ఉన్నవాటిని ఎవరు చూశారు, మీరూ బొద్దింకలూ తప్ప! అసలు బొంత అంటేనే పాత చీరలు కదా. బెంగాల్లో కాంతా అనే బొంతలు కుట్టేవాళ్లు అరిగిపోయిన చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, ఆ చీరల అంచుల్లోంచి లాగిన రంగు దారంతోనే బొమ్మలు కుట్టేవారు. పాత బట్టకి అవమానం అని వాళ్లెవరూ అనుకోలేదు.

కాజాకుట్టు:
ఆ పోలిక కుదరదండీ. కాంతాకి పాత చీర ముడిసరుకు. ఈ గలీబు ఒకావిడ కూర్చుని పూర్తి చేసిన పని. రెండూ ఒకటెలా అవుతాయి? ఇంకో సంగతి, నేను ఈ తప్పు చేసి కూర్చున్నాను కాబట్టి చెబుతున్నా. మా అత్తగారి టేబుల్ క్లాత్ కోసి, వెనక ఫ్యూజింగ్, అంటే జిగురు పూసిన గుడ్డ, పెట్టి ఇస్త్రీతో అతికించాను. ముడి కుట్లన్నీ అప్పడంలా అణిగిపోయాయి, స్టీముకి ఎర్ర దారం రంగు దిగి గులాబీ చుట్టూ గులాబీ మచ్చ. ఆ జిగురు ఒకసారి పట్టిందంటే మళ్లీ పూర్తిగా ఊడదీయడం చాలా కష్టం. ఆవిడ ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ.

డాలస్‌నుంచి:
ఇక్కడ అమెరికాలో 1880ల్లో క్రేజీ క్విల్ట్ అని పెద్ద మోజు నడిచింది. పట్టు, వెల్వెట్ ముక్కలు అడ్డదిడ్డంగా కలిపి, అతుకుల మీద రకరకాల కుట్లు వేసి ముందు గదిలో నలుగురికీ కనబడేలా పరిచేవారు. వాటిలో చాలావాటిలో ఈరోజు పట్టు ముక్కలే పొడిపొడిగా రాలిపోతున్నాయి, ఎందుకంటే అప్పట్లో బరువు రావడానికి పట్టుకి లోహపు లవణాలు పట్టించేవారు. కాబట్టి నూలు గలీబు పక్కన పాత పట్టు ముక్క వేసేముందు చేత్తో మెల్లగా లాగి చూడండి. ఇక గోడ మీద అంటారా, మ్యూజియాల్లో ఇలాంటి బట్టల మీద వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలిచే ప్రమాణం) దాటనివ్వరు. మన హాల్లో కిటికీ పక్కన పగలు దానికి ఎన్నో రెట్లు ఉంటుంది.

సూదీదారం:
అయితే అమ్మ జ్ఞాపకం కోసం ఇల్లంతా కర్టెన్లు వేసుకుని టార్చిలైటుతో తిరగాలా? ఎండ పడని గోడ చూసుకుంటే సరిపోతుంది. పదిహేనేళ్లకి కొంచెం వెలిసినా, ఆ పదిహేనేళ్లూ రోజూ కళ్లముందే ఉంటుంది కదా.

టైలరమ్మ:
మీరంతా కొయ్యాలా వద్దా అని కొట్టుకుంటున్నారు గానీ కొలత ఎవరూ చూడలేదు. మామూలు గలీబు 17 ఇంటూ 27. ఆవిడ అడిగే బొంత 24 ఇంటూ 18. అంటే ఒక్క గలీబు ముందు భాగమే దాదాపు బొంతంత! ఆరూ ఒకదాంట్లో ఇరికించాలని ఎవరన్నారు? పక్క కుట్లు బ్లేడుతో ఒక్కొక్కటీ విప్పండి, కత్తెర అక్కర్లేదు. వెనక భాగం ఎలాగూ ఖాళీ బట్ట, అదే వయసు, అదే రంగు. దాన్నుంచే అంచుపట్టీలు తీయొచ్చు. చివికిన చోట వెనక పల్చటి మల్లు గుడ్డ పెట్టి చేత్తో వదులుగా టాకాలు వేయండి. ఉతికే ముందు తడి తెల్లగుడ్డని ప్రతి రంగు దారం మీదా అద్ది చూడండి, రంగు అంటితే నీళ్లలో పెట్టొద్దు. బ్లీచ్ మాట ఎత్తొద్దు. ఇస్త్రీ తప్పనిసరైతే మందపాటి టవల్ మీద బోర్లా వేసి వెనకనుంచి. నిజంగా కొయ్యాల్సి వస్తే బొమ్మ చుట్టూ అంగుళమైనా వదలండి, వెనక దాచిన దారం కొసలు తెగితే కాడ కుట్టంతా ఊడి వస్తుంది. వేలాడదీయడానికి మేకులూ క్లిప్పులూ వద్దు, వెనక పైభాగాన బట్ట గొట్టంలా కుట్టి కర్ర దూర్చండి, బరువు అంతటా సమంగా పడుతుంది.

కాజాకుట్టు:
ఇది ఒప్పుకుంటాను. విప్పింది మళ్లీ కుట్టుకోవచ్చు. లేజీ డైజీ గలీబులు మాత్రం దిండ్లకే వేసుకోండి, అవి దానికే కదా కుట్టింది.

పాతపెట్టె:
నిన్న రాత్రి చిలకల గలీబు ఒక పక్క విప్పాను. కుట్టు లోపల దాగిన అర అంగుళం బట్ట కొత్త లాంక్లాత్‌లా తెల్లగా ఉంది, అమ్మ కుట్టేటప్పుడు మొత్తం ఇలా ఉండేదన్నమాట. కుడి చిలక తోక దగ్గర కార్బన్ పేపరు నీలం గీత ఇంకా కనబడుతోంది, ఆ ఈక కుట్టడం మర్చిపోయినట్టుంది. ఎడమ చిలక కుట్లు మాత్రం కొంచెం పెద్దవి, బిగుతు ఎక్కువ. ఫొటో తీసి అక్కకి పంపితే అక్క పిన్నికి పంపింది. ఎడమ చిలక పిన్ని కుట్టిందట! అమ్మ సగం విప్పించి మళ్లీ కుట్టించిందట, పిన్నికి ఆ కోపం ఇంకా పోలేదు. అక్క కాస్త మెత్తబడింది గానీ, ఇప్పుడు పిన్ని ఆ గలీబు తనకే ఇవ్వమంటోంది.