ఇండోర్ 1500లో పొజిషన్: 200 మీటర్ల ట్రాక్ మీద ఎప్పుడు కదలాలి?

పరుగుపంచాంగం:
2025 ఫిబ్రవరిలో ఫ్రాన్స్‌లోని లియెవాన్‌లో మైలు రేసు మధ్యలో నార్వే రన్నర్ యాకోబ్ ఇంగెబ్రిగ్ట్‌సెన్ 1500 మీటర్ల గుర్తును 3:29.63లో దాటాడు, ప్రపంచ ఇండోర్ రికార్డు. మార్చిలో నాన్‌జింగ్ ప్రపంచ ఇండోర్ ఫైనల్‌లో అదే మనిషి 3:38.79తో స్వర్ణం గెలిచాడు. తొమ్మిది సెకన్ల తేడా ఎక్కడిది? ఔట్‌డోర్ నుంచి ఇండోర్‌కి వచ్చే అబ్బాయి ముందుగా ఏం నేర్చుకోవాలి?

స్ప్లిట్‌లెక్క:
లియెవాన్‌లో పేసర్లు (మొదట్లో ముందుండి వేగం కట్టే రన్నర్లు) ఉన్నారు. ఛాంపియన్‌షిప్‌లో ఉండరు, పైగా అక్కడ టైముతో పతకం రాదు. అందుకే మొదటి సగం ఒకరినొకరు చూసుకుంటూ గడిచిపోతుంది. 3:36కి సగటున ల్యాప్ 28.8 సెకన్లు, 3:40కి 29.3. ఫైనల్‌లో మొదటి ల్యాపులు 30 దాటినా కంగారు పడక్కర్లేదు. ఆ నెమ్మదిలో మీరు ఎక్కడున్నారన్నదే అసలు సంగతి.

వంపులెక్క:
దానికి లెక్క ఉంది. 1500 అంటే ఏడున్నర ల్యాపులు, 15 వంపులు. కర్బ్ (ట్రాక్ లోపలి అంచు గట్టు) పక్కన పరుగెత్తే వాడికంటే మీటరు బయటగా ఉంటే ఒక్కో వంపుకి 3.14 మీటర్లు అదనం. వంపు చిన్నదైనా పెద్దదైనా ఈ అదనం మారదు, కానీ ఔట్‌డోర్ 400 మీటర్ల ట్రాక్‌లో వంపులు ఏడెనిమిదే. అంటే ఇండోర్‌లో రేసంతా మీటరు బయట ఉంటే సుమారు 47 మీటర్లు, అరమీటరు బయట ఉన్నా 23 మీటర్ల పైనే. సెకనుకి 7 మీటర్ల వేగంలో 23 మీటర్లంటే మూడు సెకన్లకు పైమాటే.

వేగం సంగతి కూడా చూడండి. లోపలి లేన్ వంపు వ్యాసార్థం సుమారు 17 మీటర్లు. సెకనుకి 7 మీటర్ల వేగంలో శరీరం లోపలికి 16 డిగ్రీల దాకా వాలాలి. ఔట్‌డోర్‌లో 8 డిగ్రీలు చాలు. బ్యాంకింగ్ (వంపులో ట్రాక్‌ని లోపలికి వాల్చి కట్టడం) ఇచ్చేది ఇందుకే. సాధారణంగా అది 10 డిగ్రీల చుట్టూ ఉంటుంది కాబట్టి మిగిలిన వాలు చీలమండ మీద పడుతుంది. ఎడమ కాలు త్వరగా అలిసేది అందుకే. అలవాటు లేనివాళ్లకి మొదటి వారాల్లో ఎడమ చీలమండ, కుడి తుంటి బయటి వైపు నొప్పులు మామూలే. వార్మప్‌లో కొన్ని ల్యాపులు ఎదురు దిశలో తిరగాలి. వంపు మీద పూర్తి వేగం పని వారానికి రెండుసార్లకు మించకపోవడం మంచిది.

కోచింగ్‌డైరీ:
వంపులెక్క గారి మాటకి ఓవర్‌టేక్ లెక్క కలుపుతాను. స్ట్రెయిట్ 50 మీటర్లకూ తక్కువ. 45 అనుకుంటే ఆరున్నర సెకన్లలో అయిపోతుంది. ముందున్న వాడు రెండు మీటర్ల దూరంలో ఉంటే, ఆ వ్యవధిలో దాటడానికి మీ వేగం సెకనుకి 0.3 మీటర్లు పెరగాలి. ల్యాప్‌కి 28.6 నడుస్తుంటే 27.4 వేగానికి ఎక్కడమన్నమాట. అదే పని వంపులో మీటరు బయట నుంచి చేస్తే అయిదు మీటర్లు పూడ్చాలి, అంటే దాదాపు రెట్టింపు కష్టం. కాబట్టి వంపు దిగుతూ వేగం అందుకుని, తర్వాతి వంపు మొదలయ్యేలోపు పూర్తిగా ముందుకొచ్చేయాలి. సగం దాటి భుజం పక్కన ఇరుక్కోవడం అన్నిటికంటే చెడ్డది. అక్కడే మోచేతులు తగులుతాయి, స్పైక్స్ (ముళ్ల బూట్లు) మడమ మీద పడతాయి.

గీతమీద:
కర్బ్ పట్టుకునేవాళ్లు జాగ్రత్త. 2021 టొరూన్ యూరోపియన్ ఇండోర్ 1500 ఫైనల్‌లో ఇంగెబ్రిగ్ట్‌సెన్ ముందుగా ఫినిష్ చేసినా, పరుగులో గీత లోపలికి అడుగేశాడని డిస్‌క్వాలిఫై చేశారు, తర్వాత అప్పీలులో స్వర్ణం తిరిగిచ్చారు. తర్వాత నిబంధన మారింది. వంపులో ఒకసారి గీత తొక్కితే ఇప్పుడు వెంటనే బయటికి పంపరు. అదే ఈవెంట్‌లో రెండోసారి, తర్వాతి రౌండ్‌లోనైనా సరే, తొక్కితే తప్పదు. అంటే హీట్‌లో (తొలి రౌండ్‌లో) ఒకటి వాడేసుకున్నవాడు ఫైనల్‌లో కర్బ్‌కి పిడికెడు ఎడం పాటించడమే తెలివి.

పరుగుపంచాంగం:
మరి ముందుండి నడిపించాలా, వెనక దాక్కోవాలా?

స్ప్లిట్‌లెక్క:
800కి నా ఓటు ముందే. 1997 పారిస్ ప్రపంచ ఇండోర్‌లో విల్సన్ కిప్‌కెటర్ హీట్‌లో 1:43.96, ఫైనల్‌లో 1:42.67 పరుగెత్తి రెండుసార్లూ ప్రపంచ రికార్డు కొట్టాడు, అదీ పేసర్ లేకుండా. ముందున్నవాడికి ట్రాఫిక్ ఉండదు, వెనకవాళ్లంతా బయట నుంచి రావాలి.

కోచింగ్‌డైరీ:
1500లో అంత తేలిక కాదండి. 2024 గ్లాస్గోలో జోర్డీ బీమిష్ చివరి ల్యాప్‌లో వెనక నుంచి వచ్చి 3:36.54తో గెలిచాడు. కోల్ హాకర్ 3:36.69, హాబ్స్ కెస్లర్ 3:36.72. ముగ్గురి మధ్య 0.18 సెకను. అయితే అది చూసి అందరూ వెనక ఉండిపోతే పతకాలు పోతాయి. బీమిష్‌కి ఉన్న చివరి వేగం, దారి తెరుచుకోవడం రెండూ కుదరాలి. మామూలు కిక్ (చివర్లో పెంచే వేగం) ఉన్నవాడు మూడు ల్యాపులు మిగిలేసరికి మొదటి ముగ్గురిలో, మొదటి లేన్ బయటి అంచున ఉండాలి. వంపుకి మీటరున్నర నష్టం వచ్చినా చుట్టూ ఉన్నవాళ్ల మధ్య ఇరుక్కోడు. చివరి ల్యాప్ గంట మోగాక దారి వెతుక్కుంటే, మిగిలేది రెండు వంపులు, రెండు పొట్టి స్ట్రెయిట్లే.

గీతమీద:
బూట్లు, గాలి గురించి కూడా. చాలా ఇండోర్ ట్రాకుల్లో 6 మి.మీ. పిన్‌లే (బూటు ముళ్లు) అనుమతిస్తారు, ముందే కనుక్కోండి. 2024 నవంబర్ నుంచి ట్రాక్ ఈవెంట్లన్నిటికీ సోల్ మందం గరిష్ఠంగా 20 మి.మీ. పాత 25 మి.మీ. జత పెట్టెలో ఉంటే మార్చాల్సిందే. హాలులో గాలి పొడి, ఫైనల్ తర్వాత దగ్గు తెరలు మామూలే. ఆస్తమా ఉన్నవాళ్లు సాల్బుటమాల్ (ఇన్‌హేలర్ మందు) పఫ్‌లు లెక్కపెట్టుకోవాలి, డోపింగ్ పరిమితి ఉంది: 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు, ఏ ఎనిమిది గంటల్లోనూ 600 దాటకూడదు.

వంపులెక్క:
సాధనకి ఒకటి: 200 మీటర్ల ట్రాక్ మీద 6 సార్లు 600 మీటర్లు, మధ్యలో మూడు నిమిషాల విరామం. ఒక్కో 600లో మూడో ల్యాప్ మొదటి స్ట్రెయిట్ మీద ఒకరిని దాటి, వంపులోపు కర్బ్ పట్టుకోవాలి. ఇద్దరు మారి మారి చేస్తే దాటేవాడికీ, దాటనివ్వనివాడికీ అలవాటవుతుంది.