మాంగనీస్ కలిపిన పెరోవ్‌స్కైట్‌లో బ్రోమైడ్ వేస్తే నారింజ వెలుగు పోయింది, ఎందుకు?

గుడ్డిలాంతరు:
అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ ప్రాజెక్ట్ కోసం సీసియం లెడ్ క్లోరైడ్ అనే పెరోవ్‌స్కైట్ (ఒక రకం స్ఫటిక నిర్మాణం) నానోక్రిస్టల్స్ చేస్తున్నా, హాట్ ఇంజెక్షన్ పద్ధతి (వేడి ద్రావణంలోకి ఇంకో ద్రావణాన్ని ఒక్కసారిగా ఎక్కించడం). ఉత్తవి చేసినప్పుడు యూవీ టార్చ్ కింద నీరసంగా ఊదా రంగు వచ్చేది, ఈసారి ఫ్లాస్క్‌లో మాంగనీస్ క్లోరైడ్ కూడా వేశా, ఇంక చూస్కోండి నిప్పుకణికలా నారింజ రంగు! స్పెక్ట్రమ్‌లో 405 నానోమీటర్ల దగ్గర చిన్న పీక్, 595 దగ్గర వెడల్పాటి పెద్ద పీక్. పక్క ల్యాబ్ వాళ్ళు కూడా వచ్చి ఫొటోలు తీసుకున్నారు. అక్కడితో ఆగొచ్చుగా, ఆగలేదు, అందులో లెడ్ బ్రోమైడ్ ద్రావణం చుక్కచుక్కగా వేస్తూ పోయా, నారింజ తగ్గుతూ తగ్గుతూ చివరికి మొత్తం ఆకుపచ్చ అయి కూర్చుంది. మాంగనీస్ అంతా బయటికి పోయినట్టేనా?

సీసామూత:
కొంత పోయి ఉండొచ్చు తమ్ముడూ, కానీ ఒక్క అణువు కూడా పోకపోయినా నీకు ఇదే కనపడేది. టార్చ్ వెలుతురుని పట్టుకునేది మాంగనీస్ కాదు, దానంతటది పట్టుకునేది దాదాపు సున్నా, పట్టుకునేదంతా హోస్టే, అంటే మాంగనీస్ కూర్చున్న అసలు స్ఫటికం. హోస్ట్ తన ఎనర్జీని లోపల సీసం స్థానంలో కూర్చున్న మాంగనీస్‌కి ఇస్తే అది నారింజగా వదుల్తుంది. క్లోరైడ్‌కి బ్యాండ్ గ్యాప్ (వెలుగుని పట్టుకోడానికి స్ఫటికానికి కావాల్సిన కనీస ఎనర్జీ) సుమారు 3 ఈవీ (ఎలక్ట్రాన్ వోల్టులు), మాంగనీస్ లెవెల్ 2.1 దగ్గర, అంటే మేడ మీద ట్యాంకు కింద కుళాయి లాంటి లెక్క, నీళ్ళు ధారగా వస్తాయి. బ్రోమైడ్ వేసేకొద్దీ నువ్వు ట్యాంకుని దించుతున్నావు, పూర్తి బ్రోమైడ్ అయ్యేసరికి గ్యాప్ 2.4. తేడా ఇంకా ఉందిగా అంటావేమో, అక్కడే ఉంది తిరకాసు. మాంగనీస్‌లో ఆ ట్రాన్సిషన్ (ఎలక్ట్రాన్ పై లెవెల్ నుంచి కిందికి దిగడం) ఎలక్ట్రాన్ స్పిన్ రూల్ ప్రకారం జరగకూడనిది, అందుకే ఎనర్జీ దాని దగ్గర మిల్లీసెకన్ దాకా ఇరుక్కుపోతుంది, హోస్ట్ అయితే కొన్ని నానోసెకన్లలో పని ముగించేస్తుంది. అంతసేపు కూర్చుంటే రూమ్ టెంపరేచర్ వేడికే మళ్ళీ పైకెక్కి హోస్ట్‌లోకి వెళ్ళిపోడానికి లక్ష ఛాన్సులు దొరుకుతాయి, హోస్ట్ దాన్ని పచ్చగా వదిలేస్తుంది. 2016లో ఈ డోపింగ్ (స్ఫటికంలో వేరే మూలకాన్ని కొద్దిగా కలపడం) పేపర్లు వచ్చినప్పట్నుంచీ అందరూ క్లోరైడ్‌నే పట్టుకుని వేలాడ్డానికి ఇదొక ముఖ్య కారణం.

రాత్రిషిఫ్ట్:
ఇదంతా ఎందుకు, టార్చ్ ఆపేసి చూడు, మాంగనీస్ ఉంటే లైట్ ఆగాక కూడా కాసేపు మెరుస్తుంది కదా, అప్పుడే తెలిసిపోద్ది.

సీసామూత:
లేదు బ్రో, ఒకటి రెండు మిల్లీసెకన్లు కంటికి ఆనవు. రాత్రిపూట మెరిసే గడియారం ముళ్ళ కథ వేరు, ఇది వేరు.

కందిపొడి:
ఆ పచ్చ రంగు గురించి ఒక మాట. సీసియం లెడ్ బ్రోమైడ్ 515 ప్రాంతంలో పచ్చగా ఉంటుంది నిజమే, కానీ మాంగనీస్ చుట్టూ ఆరు కాకుండా నాలుగే హాలైడ్‌లు (క్లోరైడ్, బ్రోమైడ్ లాంటివి) ఉంటే అది కూడా పచ్చగానే వెలుగుతుంది. సీసం స్థానంలో ఆరు ఉంటాయి కాబట్టి నారింజ. బయటికొచ్చిన మాంగనీస్ బ్రోమైడ్‌తో కలిసి వేరే ఫేజ్ (వేరే రకం స్ఫటికం) కట్టిందేమో అన్న డౌట్ ఉంటే లైఫ్‌టైమ్ (వెలుగు ఎంతసేపట్లో ఆరిపోతుందో ఆ కొలత) తీయించు, నానోసెకన్లలో వస్తే సీసియం లెడ్ బ్రోమైడ్, దానికంటే వేల రెట్లు ఎక్కువ వస్తే మాంగనీస్. ఇంకోటి, ఫ్లాస్క్‌లో ఎంత వేశావో అంత లోపలికి వెళ్ళదు, చాలా తక్కువ వెళ్తుంది, బాగా కడిగి ఐసీపీ (ఏ మూలకం ఎంత ఉందో తేల్చే పరీక్ష) చేయించకుండా థీసిస్‌లో పర్సెంట్ రాయకు, వైవాలో దొరికిపోతావు. ఈపీఆర్‌లో (జత లేని ఎలక్ట్రాన్లని అయస్కాంత క్షేత్రంలో పట్టే పరీక్ష) ఆరు గీతలు విడివిడిగా కనపడితే మాంగనీస్ ఒక్కోటి దూరదూరంగా ఉన్నట్టు, గుంపు కడితే గీతలన్నీ కలిసిపోయి ఒకే గుట్ట అవుతుంది.
అన్నట్టు ఉత్త క్లోరైడ్ నీరసంగా ఉండటం దాని పుట్టుక లోపం అనుకోకు, ఉపరితలం మీద క్లోరిన్ ఖాళీలు ఎనర్జీని మింగేస్తాయి. మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అనునయ్ సామంత గారి గ్రూప్ కాడ్మియం క్లోరైడ్‌తో ట్రీట్ చేసి ఆ ఊదా రంగునే దాదాపు నూటికి నూరు దాకా తెచ్చారు, అంటే పట్టుకున్న ప్రతి ఫోటాన్‌కీ దాదాపు ఒక ఫోటాన్ బయటికి. నువ్వేసిన మాంగనీస్ క్లోరైడ్‌లో కూడా క్లోరైడ్ ఉంది మరి, కాబట్టి ఘనత అంతా మాంగనీస్‌కే కట్టబెట్టేముందు ఆలోచించుకో.

రాత్రిషిఫ్ట్:
సరే టార్చ్ సంగతి ఒప్పుకున్నా 😅 నూటికి నూరు అంటే గుర్తొచ్చింది, మాంగనీస్ బదులు ఇటర్బియం అనే లోహం వేస్తే వంద దాటుతుందట, నిజమేనా లేక యూట్యూబ్ కబుర్లా?

సీసామూత:
నిజమే. 2018లో వాషింగ్టన్ యూనివర్సిటీలో గామెలిన్ గ్రూప్ 170 శాతం చూపించింది. హోస్ట్ దగ్గరున్న 3 ఈవీని రెండు ముక్కలు చేసి రెండు ఇటర్బియంలకి చెరో 1.25 పంచుతుంది, ఒక ఫోటాన్ వేస్తే రెండు ఫోటాన్లు, మిగిలింది వేడి. శక్తి ఎక్కడా ఊరికే పుట్టట్లేదు. కాకపోతే ఆ వెలుగు 990 నానోమీటర్ల దగ్గర, ఇన్‌ఫ్రారెడ్, పక్క ల్యాబ్ వాళ్ళు ఫొటోలకి వస్తే చూపించడానికి ఏమీ ఉండదు.

గుడ్డిలాంతరు:
లైఫ్‌టైమ్ తీయించా అక్కా @కందిపొడి, చివరి వయల్‌లో పచ్చ రంగుది నానోసెకన్లే, కాబట్టి సీసియం లెడ్ బ్రోమైడే. సగం బ్రోమైడ్ వేసినప్పుడు తీసి పెట్టుకున్న వయల్ ఇంకోటి ఉంది, అందులో నారింజ ఇంకా బతికే ఉంది, 600 దగ్గర పెట్టి ఎక్సైటేషన్ స్కాన్ (ఏ రంగు వెలుతురు వేస్తే ఆ నారింజ వస్తుందో చూడటం) చేస్తే హోస్ట్ అబ్సార్ప్షన్ ఎక్కడ మొదలవుతుందో అదీ అక్కడే లేచింది. పచ్చ వయల్‌కి కూడా ఐసీపీకి ఇచ్చా, రిపోర్ట్ వచ్చే వారం అన్నారు, మాంగనీస్ లోపల ఉందో పోయిందో వచ్చాక ఇక్కడే పెడతా.