అడక్కుండానే గ్లాసు మీద గ్లాసు పెట్టేస్తున్నారు, ఆపేదెలా?

హనమకొండ79:
పోయిన వారం ఆఫీసు పని మీద జర్మనీలో కొలోన్ వెళ్ళాను. సాయంత్రం పెద్ద చర్చి దగ్గర ఒక పాత బీరు హాల్లో కూర్చున్నా. సన్నటి గ్లాసులో బీరు తెచ్చాడు, మన టీ గ్లాసుకి అక్కలా ఉంది. అయిపోగానే ఏమీ అడక్కుండా ఇంకోటి పెట్టి, గ్లాసు కింది అట్టముక్క మీద పెన్నుతో గీత గీసి పోయాడు. పోన్లే అని తాగా. మళ్ళీ ఇంకోటి. మొహమాటానికి ఏడు తాగాను. బిల్లు సంగతి అటుంచితే హోటలుకి దారి మర్చిపోయాను. కొత్తవాళ్ళని చూసి అంటగడతారా? వచ్చే నెల ప్రాగ్, మ్యూనిక్ కూడా వెళ్ళాలి. తెలిసినవాళ్ళు చెప్పండి.

రైన్‌గట్టు:
మోసం కాదన్నా, అక్కడ అదే మర్యాద. చాలు అనుకుంటే ఆ అట్టముక్కని గ్లాసు మీద మూతలా పెట్టాలి. పెట్టనంతసేపూ ఇంకా కావాలనే లెక్క. నువ్వు తాగింది కోల్ష్. గ్లాసు 200 మిల్లీలీటర్లే, ఎందుకంటే అది తొందరగా చప్పబడిపోతుంది, నురగ ఉండగానే అయిపోవాలి. 1986లో అక్కడి బ్రూవరీలన్నీ ఒప్పందం రాసుకున్నాయి, కొలోన్ ప్రాంతంలో కాసినదే కోల్ష్ అని. వడ్డించేవాళ్ళని క్యోబెస్ అంటారు. వెటకారం వాళ్ళ ఉద్యోగంలో భాగం. నేను మొదటిసారి మంచినీళ్ళు అడిగితే "సబ్బు, తువ్వాలు కూడా తేనా?" అన్నాడు. ఒక్క జాగ్రత్త: అక్కడ ఆల్ట్ బీరు మాత్రం అడగొద్దు. అది నలభై కిలోమీటర్ల అవతల డుసెల్‌డోర్ఫ్ వాళ్ళది. ఈ రెండు ఊళ్ళూ తోడికోడళ్ళ లాంటివి.

ప్రాగ్‌లో_పప్పుచారు:
ప్రాగ్‌లోనూ గీతలే, కాకపోతే అట్ట మీద కాదు, టేబుల్ మీద పెట్టే చిన్న కాగితం మీద. అదే మీ బిల్లు. నేను దాని మీద ఫోన్ నంబరు రాసుకుని తిట్లు తిన్నాను.

మెనూలో 10, 12 అని అంకెలు చూసి కంగారు పడకండి, అది ఆల్కహాల్ శాతం కాదు. పులియబెట్టక ముందు ఆ రసం ఎంత చిక్కగా ఉందో చెప్పే డిగ్రీలు. 12 డిగ్రీల పిల్స్‌నర్ ఉర్క్వెల్ అనే బీరులో ఆల్కహాల్ 4.4 శాతమే.

ఇక నురగ. గ్లాసులో మూడు వేళ్ళ మందం నురగ చూసి "నాకు తక్కువ పోశారు, నింపండి" అన్నాను. పక్క టేబుల్ ముసలాయన నవ్వాపుకోలేకపోయాడు. ఆ నురగే కింద బీరుకి గాలి తగలకుండా కాపాడుతుందట. గ్లాసంతా నురగే ఉండే రకం కూడా ఉంది, పేరు మ్లీకో, అంటే పాలు. ఒక్క గుక్కలో తాగాలి. నాకు నచ్చలేదు, చూస్తే మాత్రం అచ్చం మజ్జిగ.

వీలుంటే పిల్సెన్ వెళ్ళి రండి. 1838లో బీరు పాడైందని ఆ ఊరివాళ్ళు 36 పీపాలు వీధిలో పారబోశారు. ఆ కోపంతోనే కొత్త బ్రూవరీ కట్టుకుని, జర్మనీలోని బవేరియా నుంచి యోసెఫ్ గ్రోల్ అనే ఆయన్ని పిలిపించారు. 1842లో ఆయన కాసిన బంగారు రంగు బీరే ఇవాళ మనం లాగర్ అంటూ తాగేవాటిలో చాలావాటికి తాత. అన్నట్టు చెక్ దేశంలో ఒక్క గుక్క తాగినా బండి తీయకూడదు, పరిమితి సున్నా.

ఈసార్_ఒడ్డున:
మ్యూనిక్‌లో ఆ తంటా లేదు. అడిగితేనే ఇస్తారు, కాకపోతే ఇచ్చేది లీటరు. మాస్ అంటారు. రెండు చేతులతో ఎత్తినా తప్పులేదు :)

అసలు సంగతి తిండి. అక్కడి బీర్ గార్డెన్‌లోకి ఇంటి తిండి తీసుకెళ్ళొచ్చు. బీరు మాత్రం వాళ్ళ దగ్గరే కొనాలి, గుడ్డ పరచని బల్లల దగ్గరే కూర్చోవాలి. ఒకప్పుడు ఎండాకాలంలో బీరు కాయడం నిషేధం. అందుకని వసంతంలోనే కాసి నేలమాళిగల్లో దాచేవాళ్ళు, పైన చల్లగా ఉండాలని చెస్ట్‌నట్ చెట్లు నాటేవాళ్ళు. జనం ఆ నీడలో కూర్చుని తాగడం మొదలుపెట్టేసరికి హోటళ్ళవాళ్ళు గొడవకి దిగారు. 1812లో రాజు మాక్సిమిలియన్ తీర్పు చెప్పాడు: బీరు, రొట్టె అమ్ముకోండి, వంటకాలు వద్దు. దాంతో జనం ఇంటి నుంచి మూటలు కట్టుకొచ్చారు. మేము ఆదివారాలు నాలుగు కుటుంబాలం పులిహోర, ఆవకాయ, పెరుగన్నం పట్టుకెళ్తాం. ఆవకాయ వాసనకి పక్క బల్లవాళ్ళు ఒకసారి లేచి చూశారు, తర్వాత అడిగి మరీ తిన్నారు.

హనమకొండ79:
పులిహోరా? నిజంగా?

ఈసార్_ఒడ్డున:
ఒట్టు.

టోక్యో_తులసి:
నేను తాగను. అయినా టీమ్‌తో ఇజకాయా, అంటే ఇక్కడి బారు లాంటి దానికి, వెళ్ళక తప్పదు. జపాన్‌లో మీ గ్లాసు మీరు నింపుకోరు, పక్కవాళ్ళు నింపుతారు, వాళ్ళది మీరు నింపాలి. ఖాళీ కనబడితే పోసేస్తారు. చాలు అనాలంటే గ్లాసు నిండుగా అలా వదిలేయడమే. మొదట్లో నాకు టెన్షన్‌గా ఉండేది. ఇప్పుడు ఊలాంగ్ టీ చెప్పి, కాన్‌పాయ్ (చీర్స్) అనేటప్పుడు అదే ఎత్తుతా, ఎవరూ ఏమీ అనుకోరు. అడక్కుండా ముందే ఒక చిన్న గిన్నెలో ఏదో పెడతారు, దాన్ని ఓతోషి అంటారు. అది ఉచితం అనుకోకండి, కూర్చున్నందుకు పడే డబ్బులు. శాకాహారులైతే అందులో చేప ఉందేమో చూసుకోండి.

తాటిమట్ట:
మా ఊళ్ళో తాటాకు దొప్పలో కల్లు పోసేటప్పుడూ అంతే కదమ్మా. దొప్ప పక్కకి వంచితేనే ఆపేవాడు. నోటితో వద్దంటే వినిపించుకునేవాడు కాదు.

హనమకొండ79:
అందరికీ థ్యాంక్సండీ. ఆ అట్టముక్క జ్ఞాపకంగా ఉంటుందని జేబులో వేసుకొచ్చాను. పెరుగామె లెక్కకి మా అమ్మమ్మ గోడ మీద గీసినట్టే ఏడు గీతలు. నిన్న బట్టలు ఉతకడానికి వేస్తూ మా ఆవిడ చూసింది. "ఒక్క సాయంత్రం ఏడు కాఫీలా?" అంది. అవునన్నాను.