టోలుయీన్ ఆవిరి: మీటరు మోగకపోతే క్షేమమేనా?

చెన్నై అంబత్తూరు పారిశ్రామికవాడలోని ఒక ప్రింటింగ్ యూనిట్‌లో షిఫ్టు సూపర్‌వైజరుగా పనిచేస్తున్నాను. మేము రోలర్లు తుడిచే టోలుయీన్ అనే ద్రావకానికి, 2025 వరకు అమల్లో ఉన్న మన ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూలు 8 గంటల సగటుగా 100 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు 100 పాళ్లు) పరిమితి విధించగా, అమెరికాలోని పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం ఏసీజీఐహెచ్ సూచించేది 20 మాత్రమే. మా గ్యాస్ మీటరు ఎల్ఈఎల్‌లో, అంటే ఆవిరికి నిప్పంటుకునే కనీస మోతాదులో, 10 శాతానికి, దాదాపు 1,100 పీపీఎంకు గాని మోగదు. కాబట్టి అది మౌనంగా ఉన్నంత మాత్రాన పనివాళ్ల ఊపిరికి రక్షణ ఉన్నట్టు కాదని నా అభిప్రాయం. సాయంత్రమయ్యేసరికి ఇద్దరు కుర్రవాళ్లు తలనొప్పితో కూలబడుతుంటే చూడలేకపోతున్నాను. 12 గంటల షిఫ్టుకు ఈ పరిమితిని ఎంత తగ్గించి లెక్కించాలి? మనిషి పీల్చే గాలిని కొలవడానికి ఆవిరిని పీల్చి పట్టి ల్యాబులో పరీక్షించే బొగ్గు గొట్టం నమూనా మేలా, అప్పటికప్పుడు అంకె చూపే పీఐడీ మీటరు మేలా? అనుభవమున్నవారు దయచేసి తెలుపగలరు.